ఓడితే చాలు

నిత్య గది ఊడుస్తుంటే మంచం కింద చీపురుకు ఏదో అడ్డం తగిలింది. వంగి బయటికి లాగాను. రోకలంత లావు, మూరెడు పొడవు, చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. నల్లటి స్పాంజి లాంటి దానితో చేసిన రోలరు. సాయంత్రాలు దీని మీద పిక్కలు, తొడలు దొర్లిస్తూ మా మనవరాలు మూలుగుతుండేది. "మా కాలంలో చపాతీలు ఒత్తేవాళ్ళం, మీ కాలంలో కాళ్ళు ఒత్తుకుంటున్నారు" అని నేను వెక్కిరించేదాన్ని. బట్టలు, బూట్లు, పుస్తకాలు అన్నీ సర్దుకుపోయిన పిల్ల దీన్ని మాత్రం మరిచిపోయింది. ఫోన్ చేసి చెబితే, "ఉండనీ అవ్వా, ఈడ వేరేది ఇచ్చినారు. నువ్వు మోకాళ్ళకు పెట్టుకో" అంది. నా మోకాళ్ళకు దీనితో ఏం పని? పారేయబుద్ధి కాక టీవీ పక్కన నిలబెట్టాను. ఇంటికి వచ్చినవాళ్ళంతా అదేమిటని అడుగుతున్నారు. మనవరాలిది అంటే ఊరుకోరు, ఎక్కడికి పోయింది, ఎందుకు పోయింది, మళ్ళీ ఎప్పుడు వస్తుంది అని మొదలుపెడతారు.

నిత్య మా అమ్మాయి కూతురు. అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలతో ఊళ్ళు తిరుగుతుంటే చదువు చెడుతుందని పిల్లను చిన్నప్పుడే నా దగ్గర వదిలారు. మా ఆయన పోయాక హోసూరు శివారు మూకండపల్లి ఇంట్లో మేమిద్దరమే. పైన రెండు వాటాల్లో ఫ్యాక్టరీ పిల్లలు అద్దెకుంటారు. తెల్లవారకముందే వాళ్ళ షిఫ్టు బస్సు వీధి మొగలో హారన్ కొడితే, వాళ్ళకంటే ముందు నిత్య లేచి పరుగుకు పోయేది. నేను హోసూరులో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరైనదాన్ని. పిల్ల చదివింది ఇంగ్లీషూ తమిళమూ. నాతో మాట్లాడే తెలుగులో సగం మాటలు తమిళానివే. నేను దిద్దుతాను, అది విననట్టే ఉంటుంది. పరుగెత్తాను అని ఎన్నడూ అనదు, 'ఓడినాను' అంటుంది. తమిళంలోనూ కన్నడంలోనూ ఓడడమంటే పరుగెత్తడం. తెలుగులో ఓడడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఈ సరిహద్దు ఊళ్ళలో ఈ ఒక్క మాట మీద ఎన్ని నవ్వులాటలో. "నిన్న పందెంలో ఓడినావంట?" అని ఒకడంటే, "బాగా ఓడినాను, ఫస్టు వచ్చినాను" అని ఇంకొకడు. అందరూ నవ్వే ఈ మాటకు నాకు మాత్రం నవ్వు రాదు. ఎందుకు రాదో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, నిత్యకు కూడా.

అది వెళ్ళిపోవడానికి ముందు ఒక శనివారం క్రిష్ణగిరిలో పది కిలోమీటర్ల పరుగు, మరుసటి రోజు హోసూరులో దానికి రెట్టింపు దూరం. కొండల మీద శిక్షణ ఇచ్చే ఒక చోటికి పిల్లలను ఎంచుకోవడానికి కోచ్ ఒకాయన రెండు పరుగులకూ వచ్చాడు. మొదటి రోజు ఎవరైనా బాగానే పరుగెత్తుతారట, రెండో రోజు కాళ్ళు ఏం చెబుతాయో అదే చూడాలట. అంటే ఆ మధ్యనున్న పూటలో ఒళ్ళు ఎంతవరకు తేరుకుంటుందన్నదే అసలు పరీక్ష. శనివారం మధ్యాహ్నం నిత్య బస్సు దిగి వచ్చి, హాల్లో నేల మీద వెల్లకిలా పడుకుని రెండు కాళ్ళూ గోడకు ఎత్తి పెట్టింది. ఉప్పు పొడి కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా తాగుతూ, తువ్వాలులో ఐసు గడ్డలు చుట్టి మోకాళ్ళ మీద పెట్టుకుంది. కాసేపటికి చేతి గడియారం చూసుకుని, "ఇంగా సగం గూడా తేరుకోలేదంట" అంది దిగులుగా.

"కాళ్ళు నీవి, నొప్పి నీది, చెప్పేది గడియారమా?" అన్నాను.

"నువ్వు ఎప్పుడన్నా ఓడింటే తెలిసుండు అవ్వా."

మజ్జిగ కలపడానికి లేచాను. వెనకనుంచి మళ్ళీ పిలిచింది. "అవ్వా, ఒళ్ళంతా బిగుసుకోనింది. ఆముదం పెట్టి తలంటుతావా? నువ్వు తలంటితే హాయిగా నిద్ర పడ్తుంది."

వంటింట్లోకి పోయి పై అరలోని ఆముదం సీసా దించాను. ఇనుప గరిటెలో పోసి సన్న మంట మీద పెట్టాను. నూనె కాగి జిడ్డు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన మా అవ్వది.

మా అవ్వ మునెమ్మ, మా నాయన తల్లి. మాది వేప్పనపల్లికి అవతల, కుప్పం వైపు పోయే దారిలో చిన్న పల్లె. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నాయనకు మడక దున్నడం, మామిడి చెట్లు తప్ప వేరే లోకం లేదు. నన్ను పెంచింది అవ్వే. చింతచెట్లు గుత్తకు పట్టి, కాయ రాల్పించి, గింజ తీసి, క్రిష్ణగిరి పాతపేటలో ఒక శెట్టి కొట్టుకు వేసేది. ఏడాదిలో సగం రోజులు మా ఇంటి వసారా నిండా చింతపండే. అవ్వ కుడిచేతి వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి, ఆ చేత్తో అన్నం కలిపి పెడితే పప్పు కూడా పుల్లగా తగిలేది. సాయంత్రం బడి నుంచి రాగానే నేను ఆమె ఎదురుగా కూర్చుని రాయి మీద కాయ కొట్టాలి, ఆమె గింజ తీస్తుంది. ఆకు వక్క నములుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేది. ఇంట్లో నాయన మాట్లాడేది తక్కువ. ఆ వసారాలో మా ఇద్దరి గొంతులే.

శుక్రవారం వస్తే నాకు తలంటు. పెరట్లో రాతి మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని ఆముదం మాడుకు పెట్టి, మెడ, వీపు, పిక్కలు, అరికాళ్ళు అన్నీ పిసికేది. ఆ తర్వాత శీకాయతో వేడినీళ్ళు, కళ్ళు మంటలు, నా ఏడుపు, ఆమె తిట్లు. ఎవరికి తలంటినా అవ్వకు ఒక కట్టడి ఉండేది. "తలంటుకున్న పొద్దు మడక పట్టరాదు" అనేది. నూనె ఒంట్లో వేడినంతా లాగేస్తుందట, కీళ్ళు వదులవుతాయట, ఆ పూటా మరుసటి పూటా మనిషికి బలం ఉండదట. నాయన తలంటుకున్న రోజు మడక కాదు కదా, గడ్డపార కూడా ముట్టనిచ్చేది కాదు. దుక్కి ఉందంటే తలంటు ఆ వారానికి ఎత్తిపోయేది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, నేను ఇన్నేళ్ళుగా మరవలేకపోతున్నది ఇదే.

వేప్పనపల్లి హైస్కూలుకు పొలాల గట్ల మీద నడిచిపోయేవాళ్ళం. ఇంట్లో పని తెమిలేసరికి నాకు రోజూ ఆలస్యమే, అందుకని రోజూ పరుగే. అట్లా పుస్తకాల సంచి వీపున కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చే నన్ను చూసి మా పి.టి. సారు గ్రౌండులోకి లాగాడు. సారు సేలం వైపు నుంచి వచ్చిన తమిళాయన. తెలుగు మా బడిలోనే నేర్చుకున్నాడు. మాటలు తమిళానివి, తోకలు తెలుగువి. నేను పరుగెత్తడం గురించి నాయన పట్టించుకోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుంటే అవ్వే నా తరఫున మాట్లాడింది. "పరిగెత్తనీ. పరిగెత్తి యాడికి పోతుంది? మాపటికి ఇంటికే గదా వస్తుంది" అంది. అప్పుడు ఆ మాట నాకెంత బలమనిపించిందో. ఇప్పుడు అదే మాటను ఎటు తిప్పి చూసినా రెండో వైపు కనిపిస్తుంది.

ఆ ఏడు పోటీలు క్రిష్ణగిరిలో పెట్టారు. మొదటి రోజు గ్రౌండులో మూడు వేల మీటర్లు, మరుసటి రోజు ఊరు దాటి డ్యాము రోడ్డు మీద పెద్ద పరుగు. రెండూ పూర్తిచేసి, కలిపి ముందున్న ఇద్దరికి మద్రాసులో ఆటల హాస్టలులో సీటు. తిండి, బట్ట, కాలేజీ దాకా చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. సారు మా ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నాయన సరేనన్నాడు. అవ్వ వక్క కత్తిరిస్తూ, "మద్రాసులో ఎన్నేండ్లు ఉండల్ల?" అని ఒక్కటే అడిగింది. సారు చెప్పాడు. ఆమె తలూపి మళ్ళీ వక్క కత్తిరించుకుంది. నాకు ఆ సీటు కావాలి. ఎంతగా కావాలంటే రాత్రి కలలో కూడా హాస్టలు మెట్లెక్కేదాన్ని. మా పల్లెలో ఆడపిల్ల పదో తరగతి దాటి చదివిందే లేదు. వేప్పనపల్లిలో చదువు అయిపోతే తర్వాత నాకున్నది ఆ వసారా, ఆ రాయి, ఆ చింతకాయ.

ఆడపిల్లను ఒంటరిగా పంపకూడదని అవ్వ నా వెంట క్రిష్ణగిరి వచ్చింది. శెట్టిగారింట్లో దిగాం. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో చింతపండు బస్తాలు కొండలా పేర్చిన కొట్టిడి. మొదటి రోజు పరుగు ఉత్త కాళ్ళతోనే. గ్రౌండులో గులకరాళ్ళు. ఎండ నెత్తిన మండుతోంది. చివరి చుట్టులో నాకేమీ వినిపించలేదు, గుండె చప్పుడు తప్ప. రెండోదాన్ని వచ్చాను. గీత దాటగానే పడిపోయాను. నీళ్ళు నీళ్ళు అని అడిగితే సారే ఇవ్వనివ్వలేదు, పరుగెత్తి వచ్చి నీళ్ళు తాగితే గుండె పట్టేస్తుందని అప్పట్లో అందరి నమ్మకం. అవ్వ చెంగు తడిపి నా పెదాలకు అద్దింది. ఇప్పుడు నిత్య తాగే ఆ సీసాల కొద్దీ నీళ్ళు చూస్తే నాకు ఆ తడి చెంగే గుర్తుకొస్తుంది. నాలుకతో ఆ చెంగు చప్పరించాను. అది కూడా పుల్లగానే ఉంది.

శెట్టిగారింటికి వచ్చి బస్తాల మీద వాలిపోయాను. పిక్కలు రాళ్ళలా ఉన్నాయి, అరికాలిలో గాజుపెంకు ఏదో గుచ్చుకుని కమిలింది. రేపు ఎట్లా నిలబడతానా అని భయం. ఇంతలో కొట్టు ముందరికి సారు వచ్చాడు. ఆయన గొంతు, అవ్వ గొంతు నాకు బాగా వినిపిస్తున్నాయి.

"పాట్టీ, కవల పడొద్దు" అన్నాడు సారు. పాట్టి అంటే అవ్వ, కవల అంటే దిగులు. "రేపు పాప గెలవాలని లేదు. ఊరికే ఓడితే చాలు. సీటు వచ్చేసినట్టే."

"ఏం చెప్తాండావు సారూ? రేపు ఓడితే చాలా?"

"ఓడితే చాలు పాట్టీ. ఇంత దూరం వచ్చింది గదా, రేపు ఓడితే సీటు మనదే."

"అట్లనే కానీ సారూ" అంది అవ్వ.

బస్తాల మీద పడుకుని నేను విన్నాను. బళ్ళో తమిళం చదువుకున్నదాన్ని, సారు నోట అది పరుగు మాటేనని నాకు అనుమానమే రాలేదు. రేపు కింద పడకుండా పరుగెత్తి గీత దాటితే చాలు, ముందు రానక్కర్లేదు అన్నాడు. గుండె మీదనుంచి బస్తా దించినట్టయింది. అవ్వ ఏమి వినిందో అప్పుడు నాకేం తెలుసు?

సారు అటు పోగానే అవ్వ లోపలికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "లెయ్ అమ్మణ్ణీ, తలంటుతాను" అంది. శెట్టిగారి భార్య రాజమ్మను అడిగి ఆముదం, శీకాయ తెచ్చింది. పెరట్లో రాగి అండాలో నీళ్ళు కాగుతున్నాయి. "రేపు పందెం ఉండాది గదా అవ్వా, ఇప్పుడెందుకు తలంటు?" అన్నాను. "ఒళ్ళు నొప్పులు పోవల్లంటే తలంటల్ల. గమ్మున కూర్చో" అంది. నేను కూర్చున్నాను. నా జన్మలో అంత సుఖం మళ్ళీ ఎరుగను, ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. ఆ నల్లటి వేళ్ళు నా పిక్కల్లోకి దిగి ఒక్కొక్క ముడీ విప్పాయి. కమిలిన అరికాలికి పసుపు వేసి నిమిరింది. పనిచేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం. వేడినీళ్ళు పోస్తుంటే ఎప్పటిలా తిట్టలేదు, కళ్ళలో శీకాయ పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత రాజమ్మ చేసిన ఓళిగలు, అదే బొబ్బట్లు, గిన్నెడు నెయ్యి. "ఇంగొకటి, ఇంగొకటి" అని నా నోట్లో తనే కుక్కింది. తలంటుకున్న రోజు పగటినిద్ర కూడదనే మనిషి, ఆ పూట నాకు చాప పరిచి, తలకు సాంబ్రాణి పొగ పట్టి, పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది. నేను పొద్దుగూకకముందే నిద్రపోయాను.

తెల్లవారి లేస్తే నొప్పి లేదు. నొప్పి లేదు గానీ కాళ్ళు కూడా లేనట్టే ఉన్నాయి. ఒళ్ళు దూదిలా ఉంది. కళ్ళు తెరుచుకోవు. కడుపులో ఓళిగలు అట్లాగే కూర్చున్నాయి. అయినా నేను బెదరలేదు, గీత దాటితే చాలన్నాడు కదా సారు. పరుగు మొదలైంది. రోడ్డుకు రెండు పక్కలా జనం. "ఓడు, ఓడు" అని అరుస్తున్నారు. ఊరు దాటేసరికే నేను వెనకబడ్డాను. ఎండ ఎక్కుతోంది, మోకాళ్ళు నా మాట వినడం లేదు. డ్యాము రోడ్డు మలుపు దగ్గర మా అవ్వ నిలబడి ఉంది. కొంగు నడుముకు బిగించి, రెండు చేతులూ ఊపుతూ, గొంతు చించుకుని అరుస్తోంది. "ఓడు తల్లీ, ఓడు. ఓడు నా బంగారూ."

మా అవ్వ నా కోసం అరవం మాట్లాడుతోందే అని నా ఒళ్ళు పులకరించింది. ఇంట్లో ఆమె నోట తమిళం ముక్క నేను విని ఎరగను. ఆ మాట విని నిజంగానే రెండడుగులు జోరుగా వేశాను. ఆ జోరుకే కడుపు తిరిగింది. రోడ్డు పక్కన కూలబడి తిన్నదంతా కక్కాను. లేవబోయాను. కాళ్ళు లేవలేదు. నన్ను దాటుకుని అందరూ పోయారు, మా బడి పిల్లల కంటే చిన్నపిల్లలు కూడా. దుమ్ములో కూర్చుని వాళ్ళ మడమలు చూశాను.

అవ్వ పరుగున వచ్చింది. కొంగుతో నా మూతి తుడిచి, రెండు చేతులతో నా ముఖం పట్టుకుని, "మంచి పని చేసినావు అమ్మణ్ణీ. ఇంగేం, సీటు వచ్చేసినట్టే గదా" అంది. నాకేమీ అర్థం కాలేదు. సైకిల్ మీద వచ్చిన సారు అది పడేసి, "ఏమాయె పాట్టీ? ఎందుకు కూర్చునింది?" అని అడిగాడు. అవ్వ గర్వంగా చెప్పింది. "నువ్వు చెప్పినట్టే చేసినాము గదా సారూ. పాపను ఓడించల్లని నిన్న తలంటి, కడుపు నిండా ఓళిగలు పెట్టినాను. యాడ గెలిచేస్తుందో అని రాతిరంతా నాకు భయమే."

సారు ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు, రోడ్డు మీదనే చతికిలబడ్డాడు. కాసేపటికి విషయం తెలిసిన జనం నవ్వడం మొదలుపెట్టారు. అవ్వకు ఎవరో తెలుగులో విడమరిచి చెప్పారు. ఆమె ముఖంలోని వెలుగు ఆరిపోవడం నేను చూశాను. నన్ను లేవదీసి, భుజం మీద చెయ్యి వేయించుకుని, శెట్టిగారింటి దాకా నడిపించింది. సీటు మొదటి రోజు మూడో స్థానంలో వచ్చిన పిల్లకు పోయింది.

ఈ కథ వేప్పనపల్లి అంతా పాకింది. ఎన్నో ఏళ్ళు మా ఊళ్ళో ఎవరికైనా చెప్పింది తప్పుగా అర్థమైతే, "మునెమ్మ ఓడించినట్టు" అనేవాళ్ళు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఏం చేయాలి? అవ్వ పాపం పల్లెటూరి మనిషి, అరవం రాదు, నాకు సీటు రావాలనే నన్ను ఓడించింది అని నాకు నేనే చెప్పుకున్నాను. వసారాలో మళ్ళీ కాయ కొట్టాను. కొన్నేళ్ళ తర్వాత సారు వెంటబడి నాయనను ఒప్పించి నన్ను పంతులమ్మ ట్రైనింగుకు పంపాడు, అట్లా హోసూరు చేరాను. అవ్వ ఆ తర్వాత ఓడడమన్న మాటే ఎత్తలేదు. పేకాటలో నాయన ఓడినా "పోగొట్టుకున్నాడు" అనేది. ఇంకొకటి. ఆ పొద్దు తర్వాత అవ్వ నాకెప్పుడూ తలంటలేదు. శుక్రవారం వస్తే సీసా నా చేతికి ఇచ్చి, "పెద్దదానివైనావు, నువ్వే పెట్టుకో" అనేది.

అవ్వ పోయిన చాలా కాలానికి శెట్టిగారింట్లో పెళ్ళికి క్రిష్ణగిరి వెళ్ళాను. రాజమ్మ ముసలిదైపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాత ముచ్చట్లన్నీ తీసింది. "మీ అవ్వ మాదిరి గట్టి మనిషిని చూడలేదమ్మా. అరవంలో బేరానికి దిగితే మా ఇంటాయనకే నోరు తిరిగేది కాదు. కొట్టు ముందర చింతపండు ఆరబోస్తే ఆవులు వస్తాయి గదా, కట్టె పట్టుకోని 'ఓడు, ఓడు' అని తోలేది. ఆ కేకకు వీధిలో పిల్లోళ్ళు గూడా పరిగెత్తేవాళ్ళు" అని నవ్వింది.

ఆమె నవ్వుతూనే ఉంది. నా చేతిలో తాంబూలం అట్లాగే ఉండిపోయింది. ఆవులను ఓడు అని తోలిన మనిషికి ఓడు అంటే ఏమిటో తెలియదా? తెలియకపోవచ్చు అని ఎన్నోసార్లు వాదించుకున్నాను. సారు మాట్లాడేది తెలుగు, ఆ తెలుగులో వచ్చింది కనక తెలుగు మాటే అనుకుందేమో. సర్కారు వ్యవహారాల్లో ఇట్లాంటి లోపాయికారీలు ఉంటాయని నమ్మిందేమో. నమ్మకపోతే ఆ ముఖం అంతగా ఎందుకు వెలుగుతుంది? మళ్ళీ అటునుంచి ఇంకో గొంతు. తలంటుకున్న పొద్దు మడక పట్టరాదని చెప్పిన మనిషి. ఎన్నేండ్లు అని మాత్రమే అడిగిన మనిషి. మాపటికి ఇంటికే గదా వస్తుంది అన్న మనిషి. తెలిసే చేసిందా, తెలియక చేసిందా, ఆ నిమిషానికి తెలియనట్టు తనకు తానే చెప్పుకుందా? అడుగుదామంటే మనిషి లేదు. ఉన్నా అడగగలిగేదాన్ని కాదు. చెప్పుకోలేని కోపం, దాని వెనకే ఆ వేళ్ళు నా పిక్కల మీద తిరిగిన సుఖం. ఒకదాన్ని తలుచుకోబోతే రెండోది వస్తుంది. ఇదే ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది.

గరిటెలో ఆముదం పొగ లేచింది. హాల్లోంచి నిత్య, "అవ్వా, ఎంతసేపు?" అంటోంది. నా చెయ్యి గరిటె కాడ మీద ఉంది. రేపు ఈ పిల్ల బాగా పరుగెత్తితే కొండల మీదికి పోతుంది. పొద్దున బస్సు హారన్‌కు లేచేవాళ్ళు ఉండరు. నేను దిద్దితే విననట్టు నటించేవాళ్ళు ఉండరు. పిల్ల తనంతట తానే అడిగింది. ఒళ్ళు నొప్పి అంటోంది. తలంటితే నొప్పి పోతుంది, అందులో అబద్ధం ఏముంది? ఎవరూ ఏమీ అనరు. ప్రేమగా తలంటాననే అంటారు, నిజంగా ప్రేమగానే తలంటుతాను. అనుకుంటున్నకొద్దీ నాకు తలంటాలని ఉంది. ఎంత ఉందో తెలిసేసరికి భయమేసింది. పొయ్యి ఆర్పేశాను.

"ఈ పొద్దు వద్దు. రేపు వచ్చినాక తలంటుతా" అన్నాను బయటికి వచ్చి.

"ఏం, ఎందుకని?"

"తలంటుకున్న పొద్దు మడక పట్టరాదు."

"నేను మడక యాడ పడతా అవ్వా, ఓడతా గదా" అంది నవ్వుతూ. ఆ రోలరు లాక్కుని మళ్ళీ దొర్లడం మొదలుపెట్టింది. నేను సంగటి ముద్ద చిన్నది, పలచటి చారు, మజ్జిగ పెట్టాను. ఇంకొంచెం వెయ్యి అంటే వేయలేదు. పిల్ల నన్ను పిసినారి అంది. నీళ్ళు మాత్రం అడిగినన్ని ఇచ్చాను, అడగకపోయినా ఇచ్చాను.

ఆదివారం పొద్దున హోసూరు రోడ్డు పక్కన జనంలో నిలబడ్డాను. మోకాళ్ళు లాగుతున్నా కూర్చోలేదు. ఎంతోమంది దాటిపోయాక మలుపులో నిత్య కనిపించింది. ముఖమంతా ఎర్రబడి ఉంది, కానీ కాళ్ళు మాట వింటున్నాయి, ఆ అడుగుల్లో తెలుస్తుంది. నా పక్కన తమిళం వాళ్ళు, కన్నడం వాళ్ళు, అందరూ కలిసి ఒకటే మాట అరుస్తున్నారు. ఓడు, ఓడు. నిత్య నన్ను చూసి చెయ్యెత్తింది. నేను కొంగు నడుముకు చుట్టి ఉన్నానని అప్పుడు చూసుకున్నాను. పిల్ల నన్ను దాటిపోతోంది. ఇంకొక్క క్షణం ఆగితే వినపడదు.

"ఓడు తల్లీ, ఓడు" అని అరిచాను. ఏ భాషలో అరిచానో నాకే తెలియదు.